ఆకుకత్తికి ఉక్కు వెదుక్కుంటూ బెంగళూరుకు

బెంగళూరు పోయొచ్చినవాళ్ళంతా లాల్‌బాగులో పూలు చూసినామంటారు, కొత్తగా కట్టిన విధానసౌధ చూసినామంటారు. నేను చూసిందంతా పాత ఇనుము. పూలు చూడలేదా అని మా ఊళ్ళో ఇప్పటికీ అడుగుతారు. లేదు తల్లీ, చూడలేదు. పూల కోసం పోయినదాన్నయితే కదా చూడటానికి!

కుప్పం

కుప్పానికి కొంచెం ఎడంగా ఉండే పల్లె మాది. పట్టుపురుగులు పెంచుకొని బతికేవాళ్ళం. గుడ్డు పగిలి బయటికొచ్చిన పురుగు నల్లదారం తుంపు మాదిరి ఉంటుంది. దాన్ని మొదటి పది రోజులు సాకడాన్ని చాకీ అంటారు. అది అందరి చేతా అయ్యే పని కాదు. మా అత్త చేతనవుతుంది. ఊరివాళ్ళు గుడ్ల అట్టలు తెచ్చి ఆమె చేతిలో పెట్టి, పురుగు కాస్త పెద్దయినాక తట్టల్లో ఇంటికి మోసుకుపోతారు.

పసిపురుగుకు ఆకును పొగడపువ్వు రెక్కంత సన్నగా తరిగి వేయాలి. కత్తి మొద్దయితే మల్బరీ ఆకు తెగదు, నలుగుతుంది. నలిగిన అంచు చూస్తుండగానే నల్లబడి వాడిపోతుంది. వాడిన ఆకు తిన్న పసిపురుగు బతకదు. అందుకని చాకీ ఇంట్లో మనుషుల కంటే కత్తికి మర్యాద ఎక్కువ.

అత్త కత్తి ఆమె వేరుకాపురం పెట్టినప్పుడు వాళ్ళ నాయన సారెతో పాటు తెచ్చి ఇచ్చింది. ముప్పయ్యేళ్ళ పైమాటే. నూరీ నూరీ మూడువేళ్ళ వెడల్పు ఒక వేలంత అయింది. పోయిన కార్తీకంలో ఆకు కోస్తా ఉండగానే రెండు ముక్కలయింది. మా ఊరి కమ్మరి వీరాచారి వెంటనే ఒక కత్తి చేసిచ్చినాడు. అది పనికిరాలేదని ఇంకొకటి చేసిచ్చినాడు. రెండు విడతలు పురుగులు తట్టల్లోనే పోయినాయి. ఊరివాళ్ళు మంచివాళ్ళే, మొహమ్మీద ఏమీ అనలేదు. ఈసారి గుడ్లు మాత్రం పక్కూరికి పంపించుకుంటామన్నారు.

"ఇంక నా చెయ్యి పోయిందిలేమ్మా" అన్నది అత్త. చాకీ గదికి గొళ్ళెం పెట్టి, అరుగు మీద కూచొని వీధి చూస్తా ఉండిపోయింది. నేను కాపురానికొచ్చినప్పటి నుంచి ఆమె ఊరికే కూచోవడం చూడలేదు. అన్నం తినమంటే తినేది, లేకపోతే లేదు. నాకు నిజంగా భయమేసింది. పోయింది చెయ్యి కాదు, కత్తి. కత్తి తేకపోతే చెయ్యి కూడా పోయేట్టుండాది అనుకున్నాను.

వీరాచారి దగ్గరికి పోయి గట్టిగానే అడిగినాను.

"పని నాది గానీ ఇనుము నాది కాదు కదమ్మా" అన్నాడు. "నాకు దొరికేది అరిగిపోయిన బండి పట్టాలు. ఈ విరిగిన ముక్క ఎత్తుకొని బెంగళూరు పోండి. దీనికి జోడు యాడో ఒక చోట ఉంటాది."

ఇనుమును రాకే పాత ఆకురాయి ఒకటి కూడా చేతిలో పెట్టినాడు. దాంతో ఉక్కును గీకి చూడమన్నాడు. కరిస్తే మెత్తది, జారితే గట్టిది. దారం కట్టి తట్టమన్నాడు. గంట మాదిరి మోగాలి. విరిగిన చోటు చూడమన్నాడు. ఉప్పురవ్వ మాదిరి మోటుగా ఉంటే వదిలేసి, విబూది మాదిరి నున్నగా ఉంటే తీసుకోమన్నాడు.

అత్త తరువాత ఆ కత్తి పట్టేది నేను కాబట్టి నేను పోవాలి. ఆడమనిషిని ఒంటిగా పంపరు కాబట్టి మా ఆయన రావాలి. ఆ విధంగా ఆకురాయి నేను పట్టుకుంటే, నన్ను మా ఆయన పట్టుకొని బయలుదేరినాం.

బెంగళూరులో మాకుండే దిక్కు మునెప్ప మామ ఒక్కడే. అత్తకు సొంత తమ్ముడు. సిగరెట్ల ఫ్యాక్టరీలో పని చేసి రెండేళ్ళ కింద రిటైరయినాడు. పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు. ఈ మామ గురించి ఇక్కడే ఒక మాట చెప్పేయాలి. పొగాకంటే పట్టుపురుగుకు విషం. పొగాకు పట్టిన చేత్తో ఆకు ముట్టుకున్నా చాలు, పురుగు తలెత్తి, కక్కుకొని చస్తుంది. మామ ఉద్యోగంలో చేరిన కొత్తలో, అక్క మీద ప్రాణం కొట్టుకొని పని దిగిన చొక్కాతోనే రైలెక్కి వచ్చి, తట్టల మీదికి వంగి పురుగుల్ని చూసినాడంట. తెల్లారేసరికి గది గదంతా ఊడ్చుకుపోయింది.

ఆ రోజు నుంచి మామకు మా ఇంట్లో చోటు మునగచెట్టు కింద. పండక్కొచ్చినా అక్కడే మంచం, చావుకొచ్చినా అక్కడే విస్తరి. రిటైరయినాక కూడా అక్కడే. అత్త లోపలికి రమ్మనలేదు, మామ వస్తాననలేదు. ఇద్దరికీ అలవాటైపోయింది.

మేము బయలుదేరేటప్పుడు అత్త అరుగు దిగి, చేన్లోకి పోయి, సంచి నిండా అనపకాయలు కోసుకొచ్చింది. "వాడికి పితికిపప్పంటే ప్రాణం. మంచు తగిలిన కాయ, వాసన పోకముందే ఇయ్యండి" అన్నది. ఆ నెలలో ఆమె పని మాదిరి చేసిన పని అదొక్కటే.

కాడుగోడి

రైల్లో కూచోనైతే చోటు దొరికింది. మూట పైన అటక మీద పెట్టినాం. మాలూరు దాటినాక రైలు ఒక ఊపు ఊపింది, మూట జారి కింద కోటు వేసుకొని కునుకు తీస్తాండే ఒక పెద్దమనిషి ఒళ్ళో పడింది. ముడి ఊడి ఆకురాయీ విరిగిన కత్తీ బయటపడినాయి. ఆయన కేకకు పెట్టెంతా లేచింది.

"ఏమమ్మా, ఎవర్నన్నా పొడిచొస్తాండారా ఏంది?" అన్నాడాయన.

"విరిగిన కత్తితో ఎవర్ని పొడుస్తామప్పా" అన్నాను. మా ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, నేనెవరో తెలీనట్టు పొలాలు చూడసాగినాడు.

కాడుగోడిలో బండి చాలాసేపు నిలబడింది. కూరగాయల గంపలతో ఆడవాళ్ళు బిలబిలమంటా ఎక్కినారు. ఒకామె నోట్లో వక్కాకుతో పాటు పొగాకు దవడన పెట్టుకొని వచ్చి, నన్ను ఆనుకొని కూచుంది. నేను సర్రున జరిగినాను. మా ఊళ్ళో అయితే ఆ వాసనకు అందరం జరుగుతాం. ఇక్కడ జరిగింది నేనొక్కదాన్నే. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఏమక్కా, మడి కట్టుకోనుండావా?" అనడిగింది. పురుగుల సంగతి చెప్పినాను. "అయ్యో, పసిబిడ్డల తల్లివా!" అని నవ్వి, కిటికీలోంచి ఉమ్మేసి, నోరు కడుక్కొని వచ్చి మళ్ళీ కూచుంది. ఊరూ పేరూ తెలీని మనిషి. నాకు సిగ్గేసింది.

స్టేషన్లో కాఫీ రెండణాలు. దాన్నే ఇప్పుడు పన్నెండు నయాపైసలంటారు. అణాలిస్తే నయాపైసల్లో చిల్లరిచ్చినారు. ఆ లెక్క తేలేలోపు బండి కదిలింది, కాఫీ సగం మా ఆయన పంచె తాగింది.

కంటోన్మెంటు

మామ ఉండేది కంటోన్మెంటు స్టేషనుకు కొంచెం దూరంలో, ఒకే వరస ఇళ్ళల్లో ఒక గది. బట్టతల, పొట్టిచేతుల తెల్లచొక్కా, గోళ్ళు ఉతికినంత శుభ్రం. మమ్మల్ని చూస్తూనే మొహం ఇంత అయింది. సంచి అందుకోబోయి, చటుక్కున ఆగి, లోపలికి పోయి చేతులు కడుక్కొని వచ్చి అప్పుడు అందుకున్నాడు.

"ఎందుకు మామా?" అన్నాను.

"ఈ సంచి మళ్ళా ఆ ఇంటికే పోతాది గదమ్మా" అన్నాడు.

ఫ్యాక్టరీ వదిలేసి రెండేళ్ళయింది. జన్మలో బీడీ తాగినవాడు కాదు. అయినా చేతులు కడుక్కుంటాడు.

అనపకాయలు కింద పోసుకొని కూచున్నాడు. ఒలిచి, నానబెట్టి, పితికి, తానే వండినాడు. బెంగళూరోళ్ళు దీన్నే హితికిన బేళె అంటారు, పండగ మాదిరి వీధి వీధంతా వండుతారు. వాళ్ళ పులుసులో బెల్లం పడుతుంది. మామ పులుసులో మాత్రం మా ఇంటి కారమే. ముద్ద కలుపుకుంటా, "అక్క చెయ్యి నొప్పి తగ్గిందా? కళ్ళు బాగుండాయా?" అని అడుగుతానే ఉన్నాడు. ఆమె అరుగు మీద కూచుండిపోయిందని చెప్పినాను. ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

తిన్నాక విరిగిన కత్తి ముక్క చూపించినాను. మామ తీసుకోలేదు. నా చేతిలో ఉండగానే వంగి చూసి, "సిటీ మార్కెట్టు వెనక గుజరీ అంగళ్ళుండాయి. ఆడ చూడండి" అని పక్కలు పరవడానికి లేచినాడు. ఇంత మాటకారి, అంత ముక్తసరిగా చెప్పడం నాకు నచ్చలేదు. ప్రయాణం బడలికలో పట్టించుకోలేదు.

సిటీ మార్కెట్టు

గుజరీ అంటే అక్కడ పాత సామాన్లు. ఆ సందులో మనిషి చేసిన ప్రతి వస్తువూ చచ్చి పడి ఉంటుంది. లారీలు, కుట్టుమిషన్లు, గడియారం ముళ్ళు, ఎవరిదో ఇంటి గేటు. మా ఊళ్ళో చీపురు అరిగినా దాచుకుంటాం. వీళ్ళు మిషన్లకు మిషన్లే పారేస్తారు, ఇంకొకరు వాటినే తిరిగి కొనుక్కుంటారు.

బాషా సాబు అనే ఆయన అంగట్లో కూచున్నాం. గడ్డానికి గోరింటాకు పెట్టుకున్న పెద్దమనిషి. తెలుగూ కన్నడమూ ఉర్దూ ఒకే నోట్లో నమిలి మాట్లాడతాడు.

"కత్తి దేనికమ్మా?"

"పురుగులకు ఆకు కోసేదానికి."

"పురుగులకు!" అని ఆయన పక్క అంగడాయనకు వినిపించేట్టు అన్నాడు. "మనుషులకే దిక్కు లేదు, పురుగులకు వంట జరుగుతాండాది!"

ఎగతాళి చేసినా సామాను మాత్రం ఓపిగ్గా తీసి చూపించినాడు. మొదట లారీ కమాను పట్టీ. పట్టుకుంటే రోకలి మాదిరి ఉంది. ఇట్లాంటిది మచ్చుకత్తికి, కొబ్బరికాయలు కొట్టే కత్తికి పనికొస్తుందంట. దెబ్బకు ఓర్చుకుంటుంది గానీ వెంట్రుకంత అంచు నిలవదు. నా మణికట్టూ నిలవదు. తరువాత పెద్ద ఆకురాయి ఒకటి. దారం కట్టి తట్టితే గుడి గంటే. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఆగమ్మా" అని బాషా సాబు దాన్ని బండ మీద పడేసినాడు. కంచుగిన్నె మాదిరి రెండయింది. ఆకు కోసే పలక మీద దించిన కత్తి దించినట్టు ఆడుతుంది, ఇది ఎన్నాళ్ళుంటుంది? ఆ తరువాత కట్టెల మిల్లు రంపం. అంచు నిలుస్తుంది, విరగదు, కానీ పలచన. ఆకు దొంతి మీద పెడితే వణుకుతుంది. కత్తికి తన బరువు తనకుండాలి, మనం అదమకూడదు. అదిమితేనే ఆకు నలిగేది.

ఈలోపు మా ఆయన మాయమై, పాత్రల అంగట్లో ఎవర్‌సిల్వర్ కత్తి కొనుక్కొచ్చినాడు. అద్దం మాదిరి మెరుస్తా ఉంది. "తుప్పే పట్టదంట!" అన్నాడు. నేను ఆకురాయి తీసి గీకబోతే, "కొత్తది, గీకొద్దే" అని దాన్ని గుండెలకు హత్తుకున్నాడు. బాషా సాబు కడుపు పట్టుకొని నవ్వినాడు.

అప్పుడు మూట విప్పి, విరిగిన ముక్క ఆయన చేతిలో పెట్టినాను. నవ్వు ఆగింది. కళ్ళద్దాలు పెట్టుకొని, విరిగిన చోటు చూసి, గోటితో తట్టి, పిడి ఊడదీసి, దాని కింద పట్టిన మసిని గీకినాడు. అక్కడ సగం అరిగిపోయిన గుండ్రటి తూటు ఒకటి బయటపడింది. అంతకుముందు ఎవరమూ దాన్ని గమనించలేదు, పిడి కిందనే ఉండిపోయింది.

"ఇది మిషను బ్లేడమ్మా. ఈ తూట్లో బోల్టు బిగిస్తారు. సిగరెట్ల ఫ్యాక్టరీలో పొగాకు తరిగే మిషను ఉంటాది, దాందే. అసలైన ఉక్కు. గుజరీకి రాదు ఇది. ఆడ పనిచేసినోళ్ళ ఇండ్లల్లో ఉంటే ఉండాల."

మా ఆయన తూటు తడుముతాండే చేతిని చటుక్కున తీసేసి పంచెకు తుడుచుకున్నాడు. నాకు మాత్రం నిన్న రాత్రి చేతులు కడుక్కోను లోపలికి పోయిన మనిషి కళ్ళముందు నిలబడినాడు.

దారిలో మసాలె దోసె తిన్నాం. బెంగళూరు దోసె గురించి ఎంతో చెబుతారు. ఏం తిన్నానో నాకు గుర్తు లేదు.

మామ చెప్పింది

ఆ సాయంత్రం నేను ఎవర్‌సిల్వర్ కత్తితో కొత్తిమీర తరిగినాను. కట్ట ముగిసేసరికి అంచు మడతపడి తళుక్కుమంది. మా ఆయన దాన్ని తీసి సంచి అడుగున పెట్టుకున్నాడు.

"మామా, అత్త కత్తి నువ్విచ్చిందేనా?" అని అడిగినాను.

ఆయన అబద్ధం చెప్పే ఓపిక లేనట్టు చెప్పేసినాడు.

"నేను పనిలో చేరినాక మా నాయన చూడనొచ్చినాడు. అక్క వేరు పోతాండాది, ఆకుకత్తి లేదు అన్నాడు. మా ఫోర్‌మన్ అరిగిన బ్లేడ్లు అడిగినోళ్ళకు ఇచ్చేసేవాడు. ఒకటి తెచ్చి, శివాజీనగరు కమ్మరి దగ్గర ఎర్రగా కాల్చి కత్తి చేయించినా. అంత నిప్పులో పడినాక పొగాకు యాడుంటాదమ్మా? నాయనకు చెప్పినా. మీ అక్కకు తెలిస్తే పారేస్తాది, చెప్పొద్దురా అన్నాడు. చెప్పలా."

"మరి ఆ తరువాత నిన్ను చెట్టు కింద నిలబెట్టినప్పుడన్నా చెప్పకూడదా?"

"చెప్తే కత్తి పారేస్తాది గదమ్మా" అన్నాడు మామ. "ఆకు దేంతో కోస్తాది?"

అత్త మీద కోపమొచ్చింది, ఈ మనిషి మీద అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది. ముప్పయ్యేళ్ళు మంచులో, వానలో చెట్టు కింద పడుకొని ఆ కత్తి చప్పుడు లోపలి నుంచి వింటా ఉండినాడా!

"అక్క తప్పేం లేదు" అన్నాడు, నా మొహం చూసి. "ఆ రోజు పురుగులు చచ్చింది నా చొక్కాతోనే. అది నిజం."

మంచం కింద నుంచి ఇనపపెట్టె లాగి, నూనెగుడ్డలో చుట్టిన పలక ఒకటి తీసినాడు. రిటైరయిన రోజు గుర్తుగా అడిగి తెచ్చుకున్న బ్లేడు. అవే తూట్లు. ఆకురాయి వేస్తే సర్రున జారింది. దారం కట్టి తట్టితే ఆ గదిలో మోత ఎంతసేపటికీ పోలేదు.

"తీసుకోండి. ఎవరిచ్చినారంటే గుజరీలో కొన్నామని చెప్పండి."

మా ఆయన ముట్టుకోలేదు. "వద్దు మామా. తెలిసి తెలిసి పొగాకు కత్తి ఇంట్లోకి తీసుకుపోలేను. ఇంకొక విడత పోతే అమ్మ లేవదు" అన్నాడు. ఆయన అన్నదీ నిజమే. నిజాలు అన్ని వైపులా ఉంటే మనిషి ఏం చేస్తాడు?

మారతహళ్ళి

మారతహళ్ళిలో విమానాల ఉక్కు అమ్ముతారని మా ఆయనకు ఎవరో చెప్పినారు. ఆ పక్కన విమానాలు దిగే బయలుంది. విమానాన్నే మోసే ఉక్కు ఆకును కోయలేదా అని ఆయన వాదం. మరునాడు బస్సెక్కినాం.

మారతహళ్ళి అచ్చం మా పల్లె మాదిరే ఉంది. రాగి కళ్ళాలు, గొర్రెలు, పాడుబడిన బావి. తేడా ఒకటే, తల మీద నుంచి విమానం పోతే ఇక్కడ గొర్రెలు కూడా తలెత్తవు. ఒక ఇంటి దొడ్లో రేకులు గుట్టగా పోసి ఉన్నాయి. అమ్మే ఆయన ఒక రేకు ఎత్తి మా ఆయన చేతిలో పెట్టినాడు. "ఎంత తేలికో చూడప్పా! గాల్లో ఎగిరొచ్చింది" అన్నాడు. నిజంగానే అప్పడం మాదిరి ఉంది. ఆకురాయి ఆనించినానో లేదో బెల్లంలో దిగినట్టు దిగబడింది.

"ఇది కత్తికి కాదప్పా, తపేలాకు" అన్నాను.

"తపేలాకైతే ఇంకా బాగుంటాది, తీసుకోమ్మా" అన్నాడు ఆయన, ఏ మాత్రం తొణకకుండా. ఆ రేకుతో కొట్టించిన తపేలా ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. పాలు కాచుకుంటాం.

తిరుగు బస్సులో మా ఆయన ఒళ్ళో రేకును అటూ ఇటూ తిప్పుతా కూచున్నాడు. చివరికి, "మామ దగ్గరుండేదే తీసుకుందాం. అమ్మకు చెప్పొద్దు" అన్నాడు.

"తీసుకుందాం. కానీ నేను చెప్తాను."

"పిచ్చా నీకు? చెప్తే ముట్టదు."

"ముట్టకపోతే మానె. పురుగులు ఆమెవి. ఆమె చేతికి ఏమిస్తాండామో ఆమెకు తెలియాల" అన్నాను. ఆయన కండక్టరు వైపు తిరిగి కూచున్నాడు. మాట తప్పించేదానికి కాదు, కళ్ళు తుడుచుకునేదానికి.

మామ ఆ బ్లేడును సీకాయతో కడిగి, ఎండబెట్టి, కొత్త తుండుగుడ్డలో చుట్టి స్టేషనుకు తెచ్చినాడు. పెట్టెలోకి ఎక్కకుండా కిటికీ దగ్గర నిలబడి అందించినాడు. చెప్పొద్దమ్మా అని ఇంకొకసారి అన్నాడు. బండి కదిలింది.

ఇల్లు

వీరాచారి దాన్ని చూసి చేతులు జోడించినంత పని చేసినాడు. ఎర్రగా కాల్చి, సాగ్గొట్టి, నూనెలో ముంచి, రెండు రోజులు నూరి, చింతకొయ్య పిడి వేసి ఇచ్చినాడు. అత్త అరుగు మీదే ఉంది. కత్తి చేతిలోకి తీసుకొని, బరువు చూసి, బొటనవేలి గోటి మీద అంచు ఆనించింది. నెల రోజుల తరువాత ఆమె మొహం తెరుచుకుంది.

"యాడ దొరికిందే ఇది?"

మా ఆయన ఎద్దులకు నీళ్ళు పెట్టను లేచి పోయినాడు. నేను కూచొని అంతా చెప్పినాను. తూటు సంగతి, వాళ్ళ నాయన మాట, మామ మాట, దేన్నీ దాచలేదు. అయినాక అత్త లేచి, గూట్లో దాచుకున్న పాతకత్తి రెండో ముక్క తీసి, ముక్కు దగ్గర పెట్టుకొని గట్టిగా వాసన చూసింది. మళ్ళీ చూసింది. ముక్కను కొంగున కట్టుకొని లోపలికి పోయింది.

ఊరివాళ్ళ గుడ్లు లేవు, మా ఇంటి అట్ట ఒక్కటే ఉంది. గుడ్లు పగిలినాక అత్త గుప్పెడు పురుగుల్ని వేరుచేసి, చేటలో వేసి, గదిలో కాకుండా వసారాలో పెట్టుకుంది. వాటికి మాత్రం కొత్తకత్తితో కోసిన ఆకు. మిగతావాటికి లేత ఆకు చేత్తో చించి, వాడేలోపు మళ్ళీ మళ్ళీ మార్చి వేయమని నాకు చెప్పింది. చేట పక్కనే చాప వేసుకుంది. అవి తింటాండాయా, తలెత్తుతాండాయా, కక్కుతాండాయా, అదే చూపు. పురుగు మొదటి నిద్రకు పోయి, పొర విడిచి లేచిందంటే బతికినట్టే.

ఒక పొద్దున నేను పొయ్యి దగ్గరుంటే వచ్చి, "లేచినాయి" అన్నది.

"అన్నీనా అత్తా?"

"అన్నీ. ఆకు మీద పడి తింటాండాయి."

సంతోషంగా చెప్తుందనుకున్నాను. పీట లాక్కొని కూలబడింది. "ముప్పయ్యేండ్లు ఆ కత్తిని తలకాడ పెట్టుకొని పండుకున్నా. ఇచ్చినోణ్ణి చెట్టు కింద పండబెట్టినా" అని భోరుమన్నది. నేను ఆమె ఏడవడం చూడటం అదే మొదలు. నేను పొయ్యిలో పుల్లలు ఎగదోసినాను.

ఆ పూటే మా ఆయన్ను బెంగళూరు తరిమింది.

మామ వచ్చినాడు. వచ్చి, ఏ ఆలోచనా లేకుండా తిన్నగా మునగచెట్టు కిందికే పోయి, చెప్పులు విడిచి, కండువా దులిపి నిలబడినాడు. అత్త గడపలో నిలబడింది.

"ఆడేం చేస్తాండావు? లోపలికి రా."

మామకు అర్థం కాలేదు. మా వైపు చూసినాడు. "బట్టలు మార్చుకోలేదక్కా" అన్నాడు.

"నీ కత్తి లోపలుండాది. నువ్వు బయటెందుకు? రా."

అయినా మామ బావి దగ్గర తలారా నీళ్ళు పోసుకొని, మా ఆయన పంచె కట్టుకొని గాని గడప దాటలేదు. అత్త చెయ్యి పట్టుకొని చాకీ గదిలోకి తీసుకుపోయి, తట్ట మీది తడిగుడ్డ తీసి చూపించింది. ఊళ్ళో ఇద్దరు అప్పటికే అట్టలు తెచ్చిచ్చినారు, గదిలో పని మొదలయింది. మామ చేతులు వెనక్కి కట్టుకొని తట్ట మీదికి వంగినాడు. వంగినవాడు అట్లాగే ఉన్నాడు. మొహం ఎర్రబడింది, మెడ నరాలు లేచినాయి. ఏడుపు ఆపుకుంటున్నాడనుకున్నాను. కాదు, తన ఊపిరి పురుగులకు తగలకుండా బిగబట్టుకొని ఉన్నాడు.

అత్త చూసింది. వీపు మీద ఒక్క దెబ్బ వేసింది.

"ఊపిరి పీల్చుకోరా" అన్నది. "ఏం కాదు."